తెర మీది లోలకానికి పొరపాటు రాదు

2022-23 కేంద్ర బడ్జెట్‌లో సైన్సు, గణితం బోధనకు తెర మీదే ప్రయోగాలు చేయించే 750 వర్చువల్ ల్యాబ్‌లు నెలకొల్పుతామని ప్రకటించారు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్, అమృత విశ్వవిద్యాపీఠం కలిసి తయారుచేసిన ఓల్యాబ్స్ అనే వెబ్‌సైట్ 9 నుంచి 12వ తరగతి వరకు ప్రయోగాలను అంతకు ముందునుంచే తెర మీద చూపిస్తోంది. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చిన చిత్తూరు, తిరుపతి జిల్లాల హైస్కూళ్లలో వీటిని వాడుకోవడం కష్టమేమీ కాదు. గాఢ ఆమ్లాలతో చేసే ప్రయోగాలకు, కంటికి కనిపించని ఎలక్ట్రాన్ల కదలికకు ఇంతకంటే మంచి సాధనం పల్లె బడికి దొరకదు కూడా.

చిక్కల్లా దారానికి గోళం కట్టి ఊపే లఘులోలకం వంటి ప్రయోగాల దగ్గరే వస్తుంది. మీటరు పొడవున్న లోలకం ఒక డోలనానికి, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి, సుమారు 2 సెకన్లు తీసుకుంటుంది. స్టాప్ వాచీ నొక్కడంలో చెయ్యి 0.2 సెకను తడబడితే ఒక్క డోలనం లెక్కలో 10 శాతం తేడా వస్తుంది, అదే 20 డోలనాలు లెక్కిస్తే ఆ తేడా అర శాతానికి పడిపోతుంది. ఇరవై ఎందుకు లెక్కించమంటారో పిల్లవాడికి అప్పుడు తెలుస్తుంది. గోళం వ్యాసార్థం కలపడం మరిచి దారాన్నే కొలిచి 99 సెంటీమీటర్లని రాసుకున్నవాడికి గురుత్వ త్వరణం 9.8 బదులు 9.7 వస్తుంది, ఆ తేడా ఎక్కడిదో వెతకడమే అసలు పాఠం. సిములేషన్‌లో కొలతలన్నీ ముందే సరిచేసి ఉంటాయి కనుక వెతకవలసిన అవసరమే రాదు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రయోగం చేసి చూపించే భాగం లేదు, ప్రయోగం మీద ప్రశ్నకైనా జవాబు రాస్తే చాలు. అందువల్ల పరికరాలు బీరువా దాటకపోయినా మార్కులకు లోటుండదు, ప్యానెల్ వచ్చాక ఆ తాళం తీయకపోవడానికి మరో సాకు దొరికింది. తిరుమల దర్శనం ముగించుకుని అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి వచ్చే బడిపిల్లలు ప్రతి మీటనూ నొక్కి చూడాలని తహతహలాడతారు. ఆ ఆత్రం బడిలో తెర ముందు కూర్చుంటే తీరేది కాదు.

ఈ రెంటినీ ఒకే పీరియడ్‌లో కలపవచ్చు. ముందు తెర మీద లోలకం పొడవు మార్చి ఆవర్తన కాలం, అంటే ఒక డోలనానికి పట్టే సమయం, ఎలా మారుతుందో చూపించి, తరువాత నలుగురికో దారం, ఒక గోళం ఇచ్చి కొలిపించాలి. దారం, గోళం, పాత స్టాప్ వాచీ కొనడానికి ఏ బడ్జెట్ ప్రకటనా అక్కర్లేదు. ఇద్దరికి రెండు జవాబులు వచ్చినప్పుడు వాటిని దిద్దకుండా రికార్డులో అలాగే రాయనివ్వడానికి మాత్రం ఉపాధ్యాయుడు సిద్ధపడాలి.