బయట వేసేదే కదా అని కుషన్లను చంపుకోకండి

గత ఆదివారం పెద్దనాన్న కొండ మీద గుండు చేయించుకుని, తలకు చందనం పూసుకుని నేరుగా మా ఇంటికి వచ్చారు. మిద్దె మీద ఊయలలో కూర్చుని, శేషాచలం వైపు చూస్తూ హాయిగా వెనక్కి వాలారు. లేచేసరికి నీలం కుషన్ మీద అరచేయంత పసుపుపచ్చ మచ్చ. ఆయన పాపం నొచ్చుకున్నారు. పిన్ని వెంటనే, "దానికేముంది బావగారూ, బయట వేసేదే కదా! ఇంత సబ్బు పొడి చల్లి గట్టి బ్రష్‌తో నాలుగు రుద్దులు రుద్దితే అదే పోతుంది" అంటూ బకెట్ అందుకున్నారు. నేను అడ్డం వెళ్లి బకెట్ పట్టుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్ల ముందు అలా చేయడం మర్యాద కాదని తెలుసు. అయినా ఊరుకోలేకపోయాను.

"బయట వేసేదే కదా" అనే ఈ మాట మీదే నా కోపమంతా. లోపలి సోఫా మీద కాఫీ చుక్క పడితే ఇల్లంతా పరుగెడుతుంది. రోహిణి కార్తె ఎండను, కార్తీక మాసపు వానను మోసే గుడ్డకు మాత్రం ఏ జాగ్రత్తా అక్కర్లేదట. రెండేళ్లలో అది చిరిగి, మరకలు పట్టి, వాసన కొడితే నెపం తిరుపతి ఎండ మీదకు నెడతాం. ఎండ చేసే చెరుపు ఎండ చేస్తుంది, కాదనను. కానీ మంచి గుడ్డ ఎక్కువగా పాడయ్యేది మూడింటి వల్ల: దులపని దుమ్ము, జాడించని సబ్బు, ఆరనివ్వని తడి. ఆ మూడూ మన చేతిలోవే.

మరక సంగతి ముందు చెబుతాను. చందనమంటే చెక్క పొడి, నీళ్లు. తడిగా ఉండగా రుద్దితే పొడి నేత పోగుల మధ్యకు దిగిపోతుంది. అందుకే దాన్ని ముట్టుకోకుండా ఆరనిచ్చాను. గంటన్నరకు అది పెచ్చులు కట్టింది. మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకు దులిపితే ముప్పాతిక వంతు రాలిపోయింది. మిగిలినదానికి సబ్బు నురుగు అద్ది, తడిగుడ్డతో మరక అంచు నుంచి లోపలికి ఒత్తాను. అప్పటికీ లేత పసుపు నీడ మిగిలింది. చందనంలో పసుపు కలిపి ఉంటారనుకున్నాను. పసుపు రంగు ఎండకు నిలవదు. సబ్బంతా పోయేదాకా జాడించి ఎండలో పెడితే మూడో రోజుకు ఆ నీడ కూడా పోయింది. పిన్ని ఫోన్ చేసి అడిగారు కూడా, "నిజంగానే పోయిందా?" అని.

ఇది ఇంత తేలికగా పోవడానికి గుడ్డ కూడా కారణం. సొల్యూషన్ డైడ్ యాక్రిలిక్ అనే రకంలో దారం తీయక ముందే, ముద్దగా ఉన్నప్పుడే రంగు కలుపుతారు. పసుపు కొమ్మును ఎక్కడ విరిచినా లోపల పసుపే ఉన్నట్టు, ఆ పోగులో లోపలిదాకా రంగే. సన్‌బ్రెల్లా వంటి గుడ్డలు ఈ రకమే, 1961 నుంచి బయటి వాడకానికి వస్తున్నాయి. నేను మొదట కొన్నది ఇది కాదు. ఒక దుకాణంలో "అవుట్‌డోర్ గుడ్డే, ఏమీ కాదు" అంటే నమ్మి, పువ్వుల అచ్చు వేసిన మామూలు పాలిస్టర్ తెచ్చాను. ఒక్క వేసవికే పువ్వులు మాసిపోయాయి. గోడకు సున్నం కొట్టినట్టు పైపైన అద్దిన రంగు అది. ఇప్పుడు ఎవరడిగినా చెబుతున్నాను: కొనేముందు గుడ్డను తిప్పి చూడండి. వెనుకవైపు తెల్లగా ఉంటే బేరం కూడా ఆడకండి. రెండువైపులా ఒకే రంగు ఉన్నంత మాత్రాన మంచిదని చెప్పలేం గానీ, వెనుక తెల్లగా ఉన్నది మాత్రం మిద్దె మీదకు పనికిరాదు. కుట్టు దారం కూడా నూలుది వద్దని దర్జీకి చెప్పండి. గుడ్డ బాగుండగానే నూలు కుట్లు కుళ్లి విడిపోతాయి.

ఇక నీళ్లు. ఇలాంటి యాక్రిలిక్ గుడ్డను సుమారు 38 డిగ్రీలు దాటని నీళ్లతో ఉతకమంటారు. మే నెల మధ్యాహ్నం మన మిద్దె మీది నల్ల ట్యాంకు కుళాయి తిప్పి చెయ్యి పెట్టండి, తెలుస్తుంది. అందుకే నేను తెల్లవారుజామునే ఉతుకుతాను. దానికి తోడు మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. సబ్బు అందులోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెల్లటి జిడ్డుగా మారి గుడ్డనే అంటుకుంటుంది. ఆ జిడ్డుకు దుమ్ము, దుమ్ము మీద బూజు. కొత్తలో నేను నురుగు ఎక్కువ వస్తే శుభ్రత ఎక్కువని నమ్మాను, అది పూర్తిగా తప్పు. ఇప్పుడు కుంకుడుకాయ రసం వాడుతున్నాను. ఉప్పు నీళ్లలో కూడా అది సబ్బులా తెట్టు కట్టదు. లేత రంగు గుడ్డకు కొంచెం గోధుమ ఛాయ పట్టవచ్చు కాబట్టి ముందు అడుగువైపు ఒక మూల చూసుకోండి. ఏది వాడినా, ఉతికిన దానికి రెండింతల సేపు జాడించండి.

పావురాల రెట్ట ఎండిపోయాక గీకుతుంటారు చాలామంది, దయచేసి ఆ పని చేయకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి, నానబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తుడవండి. తలనూనె మరకైతే శనగపిండి చల్లి గంటసేపు వదిలి దులిపితే చాలావరకు లాగేస్తుంది.

నా మనసుకు ఇప్పటికీ బాధ కలిగించేది 2021 నవంబరు. ఆ వరదల్లో ఊరంతా ఎంత అవస్థ పడిందో మీకు తెలుసు, దాని ముందు కుషన్ల మాట ఎత్తడానికే మొహమాటంగా ఉంటుంది. ఆ వారం వాటి మీద టార్పాలిన్ పట్ట బిగించి కట్టి, కాపాడానని అనుకున్నాను. పదిరోజుల తర్వాత విప్పితే మగ్గిన వాసన గుప్పుమంది. పట్ట లోపలి తడికి బయటికి దారి లేదు. జిప్పు తీసి స్పాంజిని నొక్కితే వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు కారాయి. నీళ్లు జారిపోయే గుడ్డ వేరు, నీళ్లు అసలు దూరని గుడ్డ వేరు. ప్రతి కుట్టూ సూది రంధ్రమే, అక్కడినుంచి వాన లోపలికి వెళ్తుంది. మామూలు స్పాంజి ఆ నీటిని పట్టుకుని కూర్చుంటుంది. బయటి కుషన్లకు నీరు వడిసిపోయే పెద్ద రంధ్రాల ఫోమ్ వేరే దొరుకుతుందని ఏ దుకాణదారుడూ నాకు చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత వాళ్లదే.

బూజు యాక్రిలిక్‌ను తినదు, దాని మీద నిలిచిన మురికిని తిని పెరుగుతుంది. నల్లచుక్కలు వస్తే ఆ ఒక్క రకం గుడ్డకు నాలుగు లీటర్ల నీటిలో ఒక కప్పు బ్లీచ్ ద్రావణం, పావు కప్పు మెత్తటి సబ్బు కలిపి పదిహేను నిమిషాలు ఉంచి బాగా కడగవచ్చు. అచ్చు వేసిన గుడ్డకు, నూలుకు బ్లీచ్ వద్దు, రంగు వెలిసిపోతుంది. బాత్రూం కడిగే యాసిడ్‌తో దాన్ని పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది.

వాన వెలిసిన వెంటనే నేను చేసేది ఒక్కటే. కుషన్లను పడుకోబెట్టను, జిప్పు కిందికి వచ్చేలా గోడకు నిలబెడతాను. పది నిమిషాలకే కింద నేల మీద చిన్న మడుగు కడుతుంది. మొన్న పిన్ని ఆ మడుగు చూసి, "ఇంత నీళ్లు దీంట్లోనే ఉన్నాయా!" అని వంగి తాకి చూశారు. వెళ్లేటప్పుడు డబ్బాలో గుప్పెడు కుంకుడుకాయలు పోసిచ్చాను.