వంద రూపాయల్లో ఇరవై పైసలు

కృత్రిమ మేధలో దేశాన్ని ముందు వరుసలో నిలబెడతామంటూ 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ వ్యయం సుమారు 10,372 కోట్ల రూపాయలు. అందులో కంప్యూటింగ్ సామర్థ్యానికి 4,563 కోట్లు, అంకుర సంస్థల పెట్టుబడులకు 1,942 కోట్లు కేటాయించారు. ఈ మేధ ఎవరి బతుకుల మీద ఎలా పనిచేస్తుందో, ఎవరికి కీడు చేస్తుందో ముందుగా చూడవలసిన ‘సురక్షిత, విశ్వసనీయ ఏఐ’ విభాగానికి దక్కింది మాత్రం 20.46 కోట్లు. లెక్క కడితే వంద రూపాయల్లో ఇరవై పైసలు కూడా నిండవు. మధ్యతరగతి పెళ్లిలో వక్కాకుల పద్దు ఇంతకంటే ఎక్కువ ఉంటుంది.

పరిశోధన ఎటు నడవాలో నిర్ణయించేవి ఉపన్యాసాలు కావు, పద్దులు. ఈ పద్దు చెబుతున్నది ఒక్కటే: ముందు తయారు చేద్దాం, జనం సంగతి తర్వాత చూద్దాం. ఆ ‘తర్వాత’ ఎలా ఉంటుందో శ్రీకాకుళం జిల్లాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

పలాస జీడి పరిశ్రమలో పిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు చూడండి. పెంకులోంచి కారే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన చేతికి వేళ్ల కొసలు నల్లబడి, పొలుసులు లేచి, గీతలు అరిగిపోతాయి. నెల మొదట్లో రేషన్ డిపో దగ్గర ఆ వేలినే యంత్రం మీద పెట్టాలి. పడదు. కొంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది, పడదు. బొటనవేలు వదిలి చూపుడువేలు, కుడిచేయి వదిలి ఎడమచేయి. వెనక వరస గొణుగుతుంది. ‘రేపు రా అమ్మా’ అంటాడు డీలరు. రేపు రావడమంటే ఒక పూట కూలి పోగొట్టుకోవడం. జీడి నూనె వేళ్లను ఏం చేస్తుందో కాశీబుగ్గలో బడిపిల్లలకు కూడా తెలుసు. యంత్రాన్ని రూపొందించిన చోట ఆ సంగతి అడిగినవారు ఉన్నట్టు లేదు. కనుపాప గుర్తింపు వంటి వేరే మార్గాలు వచ్చిన మాట నిజమే. అవన్నీ తర్వాతే వచ్చాయి.

ఉపాధి హామీదీ అదే వరస. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా పనిచోట్లన్నింటా రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని మన్యం కొండల్లో ఫొటో ఎక్కకపోతే, మోసిన మట్టి మోసినట్టే ఉన్నా మస్టరులో మనిషి ఉండడు. పోనీ అక్రమాలైనా ఆగాయా అంటే, ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, పనితో సంబంధం లేని చిత్రాలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసి, ఆ చిత్రాలను మనుషులతో సరిచూడమని ఆదేశించింది. రెండున్నరేళ్ల తర్వాత!

పరిశోధన ఎక్కడికి దారితీస్తుందో ముందే ఎవరూ చెప్పలేరని, తొలి అడుగులోనే షరతులు పెడితే ఆవిష్కరణ కుంటుపడుతుందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇక్కడ ఎవరినీ జోస్యం చెప్పమనడం లేదు. ఎవరి మీద వాడబోతున్నారో వారిని ముందు ఒకసారి కలవమంటున్నాం, అంతే. ఆ పాటి పని చేయని నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యంలో మోసాలు పట్టే కంప్యూటర్ లెక్కలో పౌరసత్వాన్ని కూడా ఒక కొలమానంగా పెట్టి, వేల కుటుంబాలను అప్పుల పాలు చేశారు. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేయవలసి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2020 నుంచి కొన్ని ఏఐ పరిశోధన నిధులకు సామాజిక ప్రభావ సమీక్షను ముడిపెట్టింది. సమీక్ష ముగిసేదాకా డబ్బు విడుదల కాదు. అదే ఏడాది న్యూరిప్స్ అనే అంతర్జాతీయ ఏఐ పరిశోధన సదస్సు ప్రతి పరిశోధన పత్రంలోనూ సమాజంపై ప్రభావం గురించి రాయమంది కానీ, మరుసటి ఏడాదికే ఆ రాత ప్రశ్నల పట్టికలో కలిసిపోయింది. నిధికి ముడిపెట్టిన ప్రశ్నకూ, కాగితం చివర తగిలించిన పేరాకూ తేడా అదే.

చివర తగిలించే పేరాల విషయంలో మనమూ తక్కువ తినలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజినీరింగ్ విద్యార్థుల చివరి ఏడాది ప్రాజెక్టు నివేదికలు తిరగేస్తే ‘సామాజిక ప్రయోజనం’ శీర్షిక కింద ఒకే పేరా ఏటేటా పేర్లు మార్చుకుని దర్శనమిస్తుంది. ముఖ గుర్తింపు హాజరు మీద ప్రాజెక్టు చేయని కళాశాల లేదేమో. తలకు తువ్వాలు చుట్టి, ఎండకు కమిలి, మట్టి కొట్టుకుపోయిన కూలీ ముఖం మీద దాన్ని పరీక్షించిన బృందం మాత్రం మా కంటపడలేదు. ఈ గడ్డమీద పుట్టిన గిడుగు రామమూర్తి సవరల మధ్యకు వెళ్లి, వారి మాట తాను నేర్చుకున్నాకే వారి భాషకు వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. అప్పట్లో ఆయనకు 10,372 కోట్లు ఎవరూ ఇవ్వలేదు.

కేంద్రం ఇకపై డబ్బు ఇచ్చే ప్రతి కంప్యూటింగ్ ప్రాజెక్టుకూ, తొలి విడత విడుదల కాకముందే, దాని వాడకానికి గురయ్యే జనం మధ్య జరిపిన పరిశీలనను అడిగి తీసుకోవాలి. అందుకయ్యే ఖర్చును ప్రాజెక్టు పద్దులోనే చూపించాలి. ఆ పరిశీలనను తెలుగులో, జనానికి అందేలా బయటపెట్టాలి. తర్వాత చూద్దామనే మాట ఇంకోసారి వినే ఓపిక ఈ జిల్లాలకు లేదు. ఇది చేతకాదంటే, ఆ విభాగం పేరులోంచి ‘విశ్వసనీయ’ అన్న మాటను తీసేసి, ఇరవై పైసలకు తగిన పేరేదైనా పెట్టుకోండి.