ఇంగ్లిష్ ప్రాక్టికల్స్‌లో మనం వేస్తున్నవి దేని మార్కులు?

తెలంగాణ ఇంటర్‌లో ఇంగ్లిష్‌కు ప్రాక్టికల్స్ పెట్టుడు మంచి పనే. 2023-24 నుంచి ఫస్టియర్‌లో రాత పరీక్షకు 80, ప్రాక్టికల్స్‌కు 20 అయినయ్. దాంతోని నాకు పేచీ లేదు. ఆ 20 మార్కులు మనం, అంటే ఇంగ్లిష్ లెక్చరర్లం, వేస్తున్న తీరు మీదనే నా పేచీ.

హన్మకొండ, నర్సంపేట, పరకాల, యాడికన్నా పోయి ల్యాబ్‌లో కూసోండ్రి. పిల్లగాడు వస్తడు, చేతులు కట్టుకుంటడు, "గుడ్ మార్నింగ్ సార్, మైసెల్ఫ్" అని అందుకుంటడు. జీవిత లక్ష్యం ఆగకుండ ఒక్క ఊపుల చెప్తడు. అందరి లక్ష్యం డాక్టరే, అందరి వాక్యాలూ అవే, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగిన పీడీఎఫ్ ఒక్కటే. నిమిషం కాంగనే "ఓకే, నెక్స్ట్". ఇది మాట్లాడుడు కాదు, అప్పజెప్పుడు. నడుమ ఆపి "డాక్టరైనంక ఏ ఊర్లె పనిచేస్తవ్, ఎందుకు?" అని ఒక్క పక్క ప్రశ్న వెయ్యండ్రి. సిగ్నల్ లేక కాజీపేట అవతల ఆగిన బండి లెక్క ఆగిపోతడు.

మొన్న ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గ, అంటే బయటి ఎగ్జామినర్‌గ పోయిన. ఒక అమ్మాయి అప్పజెప్పుట్ల రెండో వాక్యంకాడనే మర్చిపోయింది, మొఖం చిన్నగైంది. అది పక్కకు పెట్టమని, మీ పత్తి ఎక్కడ అమ్ముతరని ఇంగ్లిష్‌లనే అడిగిన. "ఎనుమాముల మార్కెట్ సార్. కాటన్ వెట్, రేట్ కట్. ఎయిట్ పర్సెంట్ ఓకే. ట్వెల్వ్ అబోవ్, సీసీఐ నో టేక్. ఫాదర్ సే డ్రై టూ డేస్. బట్ రెయిన్ కమింగ్, వాట్ టు డూ సార్?" అన్నది. (సీసీఐ అంటే పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ.) టెన్సు లేదు, వాక్యం సక్కగ లేదు. అయినా తేమ శాతం కాడినుంచి నాయిన పరేషాన్ దాకా మొత్తం నాకు సమజైంది, పైనుంచి నన్నే ఎదురు ప్రశ్న అడిగింది. పక్కన కూసున్న సారు "గ్రామర్ నిల్" అన్నడు. గ్రామర్‌కు కోసుకో సారూ, కాదనను. అడిగింది అర్థం చేసుకొని, అప్పటికప్పుడు జవాబు కూర్చుకున్నదానికి మార్కులేవి? వాళ్ల మార్కుల షీట్ల ఆ గడినే లేదు.

విదేశాలకు పోయేటోళ్లు వేలు పోసి కోచింగ్ తీసుకునే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ సంగతి చూడండ్రి. స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, మనిషి ఎదురుంగ కూసోని అడుగుతడు. నడుమ ఒక కార్డిచ్చి, నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడిస్తడు. తర్వాత దాన్ని పట్టుకొనే ఇంకా లోతుకు పోతడు. బట్టీ కొట్టినోడు దొరికేది గక్కడనే. ధారాళం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ నాలుగింటికీ సమాన వాటా. అంతా రికార్డు అయితది.

ఇగ యాస. ఎగ్‌ను యెగ్ అన్నడని, బస్‌ను బస్సు అన్నడని నవ్వేటోళ్లు మనలోనే ఉన్నరు. యూరప్ కౌన్సిల్ వాళ్ల భాషా స్థాయిల కొలమానం, అదే ఏ1 నుంచి సీ2 దాకా ఉండేది, 2018ల ఉచ్చారణ భాగాన్ని మార్చి రాసుకున్నది. ఇంగ్లండోడి లెక్క పలికిండా అని కాదు, ఎదుటోనికి తెలిసేటట్టు పలికిండా అని చూస్తది. మనం మాత్రం కాన్వెంట్ గొంతు ఇనంగనే అన్ని గళ్లల్ల ఫుల్ మార్కులు నింపేస్తం. 2022-23ల సర్కారు బడి ఎనిమిదో తరగతిల ఇంగ్లిష్ మీడియంకు మారిన పిల్లలు 2025ల ఇంటర్‌కు వచ్చిన్రు. ఇంట్ల ఇంగ్లిష్ ముక్క ఇననోళ్లను గీ కొలతతోనే కొలుద్దామా?

ఇద్దర్ని జతగ కూసోబెట్టండ్రి. మేడారం పోయే బస్సుల టైములు ఒకరికి, చేతిల ఉన్న పైసల లెక్క ఇంకొకరికి ఇయ్యండ్రి. ఒకరి కాగితం ఒకరికి చూపియ్యకుండ, ఏ బస్సెక్కాల్నో మాట్లాడుకొని తేల్చమనండ్రి. పీడీఎఫ్ ఏం అక్కరకొస్తదో చూద్దాం. ఫోన్ల రికార్డు చేసి, కొన్నింటికి ఇంకో లెక్చరర్‌తోని ఇడిగ మార్కులు ఏపిస్తే ఎవరి చెయ్యి ఎంత బిగుసో తెలుస్తది.

టైం ఎక్కడిది అంటరు. రికార్డు బుక్కుల పేజీ పేజీకి సంతకం గీకుటానికి దొరుకుతున్నది గదా! అవి చూసి రాసినవేనని పిల్లలకు ఎరుకే, మనకు ఎరుకే. ఆ గీకుడు బందు పెడితే ఒక్కొక్కరికి ఇంకో మూడు నిమిషాలు ఎల్తయ్.