వయసు వల్ల వచ్చిన దిగులు కాదది

ఈమధ్య ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ముసలితనంలో దిగులు మామూలే. పెద్దల్ని హింసించడం విదేశాల్లో మాట, మన ఇళ్ళల్లో లేదు. ఎక్కడో ఉన్నా ఇంటి గుట్టు, చట్టం చేయగలిగిందేమీ లేదు" అని. మూడూ తప్పే.

దిగులు మామూలేనా? పెద్దవాళ్ళ ఆరోగ్యం, బతుకుల మీద 2017-18లో దేశమంతటా జరిగిన లాసీ (LASI) సర్వేలో, 60 దాటినవాళ్ళలో 8.3 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. వయసే కారణమైతే మిగతా తొంభై మందికి పైగా ఎందుకు రాలేదు? పైగా ఆ జబ్బు ఉందని డాక్టరు తేల్చినవాళ్ళు 0.8 శాతమే. పెద్దవాళ్ళు దిగులుగా ఉందనరు. నిద్ర పట్టట్లేదు, అన్నం సయించట్లేదు అంటారు. మనం గ్యాస్ మాత్ర తెచ్చిస్తాం.

ఇక హింస లేదన్న మాట. అదే సర్వేలో దాదాపు 5 శాతం మంది పెద్దలు, గడిచిన ఏడాదిలో తమతో హీనంగా ప్రవర్తించారని నోరు విప్పి చెప్పారు. చెప్పనివాళ్ళ సంగతి మా పెద్దమ్మను చూస్తే తెలిసింది. గుంటూరు జిల్లాలో ఉంటుంది. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను 4,000 చేతికొస్తుంది. కొంగున ముడి వేసుకునేలోపే కొడుకు చెయ్యి చాస్తాడు. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుని ఏడు నెలలు నెట్టుకొచ్చింది. ఇంకాస్త అన్నం అడిగితే "ఇందాకేగా తిన్నావ్" అంటారు. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. మొదట టీవీ చూడటం మానేసింది, తర్వాత గుడికి వెళ్ళడం, ఆ తర్వాత మాట్లాడటమే. ఇంట్లోవాళ్ళు దానికి చాదస్తమని పేరు పెట్టారు. మాట్లాడటం మానేసిన మనిషి ఎదురు చెప్పదు, ఎవరితోనూ చెప్పుకోదు. దాంతో వాళ్ళకు ఇంకా అలుసైపోయింది.

నేను ఎప్పుడు వెళ్ళినా కొడుకో కోడలో పక్కనే ఉండేవాళ్ళు. "బానే ఉన్నానే" అనేది. ఒకరోజు పెరట్లో ఇద్దరమే ఉన్నప్పుడు మళ్ళీ అడిగాను. "దేవుడు నన్నెందుకే ఇంకా ఉంచాడు" అంది. ఇలాంటి మాట వింటే వయసు మీద తోసేయకండి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇక చట్టం మాట. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది, 2007 నుంచీ. ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. పెద్దల్ని దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు. చూసుకుంటామన్న షరతు మీద రాసిన గిఫ్ట్ డీడ్‌ను, మాట తప్పితే రద్దు చేయించవచ్చు. ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారమూ ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ షరతును మాత్రం డీడ్‌లోనే రాయించుకోవడం మంచిది.

పెద్దల కోసమే 14567 హెల్ప్‌లైన్ ఉంది. పెద్దవాళ్ళే ఫోన్ చేయాలనేం లేదు. పెద్దమ్మ ఫోన్‌కి రీచార్జ్ చేయించి నాలుగు నెలలైంది, అందుకే ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను.