మానసిక ఆరోగ్య పద్దు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మానసిక ఆరోగ్య పద్దు గారి సముఖానికి, చిత్తూరు నుంచి ఒక పన్ను చెల్లింపుదారు నమస్కరించి రాసుకొను విన్నపము.

కేంద్ర బడ్జెట్టు పుస్తకంలో ఒక మూల ఒద్దికగా కూర్చుని, ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి పెద్దగా ఖర్చు కాకుండానే వచ్చిన దారిన వెళ్ళిపోయే మీ నిరాడంబరత మమ్మల్ని ఎప్పుడూ అబ్బురపరుస్తూనే ఉంటుంది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం పేరిట 2018-19లో మీకు 50 కోట్లు కేటాయించారు. బరువు మోయలేరనుకున్నారో ఏమో, మరుసటి ఏడు దానిని 40 కోట్లకు తగ్గించారు. దేశ జనాభాకు పంచి చూస్తే తలకు సుమారు 30 పైసలు. ఆ మొత్తాన్ని చేతిలో పెట్టడానికి చెల్లే నాణెం లేదు కనుక అది మిగిలిపోవడంలో మీ తప్పేమీ లేదు.

విస్తరణలో మాత్రం మీకు సాటి లేరు. 1982లో జాతీయ కార్యక్రమంగా మొదలై, 1996లో జిల్లా కార్యక్రమంగా మారి, నేడు కాగితం మీద 700 జిల్లాలు దాటారు. 2022లో మా ఉమ్మడి చిత్తూరు జిల్లా ముక్కలైనప్పుడు కార్యాలయాల బోర్డులు పెరిగాయి. సైకియాట్రిస్టును అలా విభజించే ఉత్తర్వు ఇంకా ఎవరూ తయారు చేసినట్టు లేదు.

ఇటీవల ఒక ప్రభుత్వ ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర, పల్లె నుంచి కొడుకును వెంటబెట్టుకొని వచ్చిన ఒక పెద్దాయనను చూశాను. చీటీలో నెలకు రాసిన మాత్రలను లోపలి మనిషి కత్తెరతో పది రోజులకు సరిపడా కత్తిరించి ఇచ్చి, "మిగతావి బయట తీసుకో నాయనా" అన్నాడు. ఆయన ఆ ముక్కను తువ్వాలు కొంగున ముడి వేసుకొని, "మళ్ళీ రాను పోను బస్సు ఛార్జీ ఎవరిస్తారు సామీ?" అని అడిగాడు. కిటికీలో నుంచి జవాబు రాలేదు. ఈ జబ్బుల్లో మందు మధ్యలో ఆగిపోతే తగ్గిన రోగం తిరగబెడుతుందని వైద్యులు చెబుతూనే ఉంటారు. అప్పుడు అదే కుటుంబం తాయెత్తు కట్టించుకోవడానికి పోతే, అవగాహన లేదని మీ కరపత్రాలే తప్పు పడతాయి. కాస్త శక్తి ఉన్నవాళ్ళు వైద్యానికి తమిళనాడులోని రాయవేలూరు బస్సెక్కుతారు. మా జిల్లా మానసిక వైద్యంలో పొరుగు రాష్ట్రం వాటా ఎంతో మీరు లెక్క తీసినట్టు లేరు.

2022 అక్టోబరు 10న మానసిక సాయం కోసం టెలి మానస్ పేరిట 14416 అనే ఫోను నంబరు వచ్చింది. మంచిదే, అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నవాడికి ఒక గొంతు దొరుకుతుంది. దానికి 2023-24లో 134 కోట్లు, ఆ తరువాతి ఏడాది 90 కోట్లు కేటాయించారు. అయినా ఫోనులో మాత్రలు రాలవు కదా.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలులోకి వచ్చింది. పదేళ్ళలోగా జనాభాకు తగినంత మంది మానసిక వైద్య నిపుణులను సమకూర్చే చర్యలు తీసుకోవాలని అందులో రాసి ఉంది. ఆ లెక్కన గడువు 2028. కనుక వచ్చే సారి మీరు దిగినప్పుడు ఢిల్లీ నుంచి నేరుగా మా జిల్లా ఆసుపత్రికి వచ్చి, ఒక సైకియాట్రిస్టు, ఒక సైకాలజిస్టు, ఒక నర్సు జీతాలకూ, నెలకు నెల మందులకూ సరిపడా సొమ్ము అక్కడ దించి, రసీదు తీసుకొని వెళ్ళవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తన వంతు 30 పైసలు ఇంకా అందని ఒక చిత్తూరు వాసి