డ్యాష్‌బోర్డు మీద కొలువైన టచ్‌స్క్రీన్ గారికి

మహారాజశ్రీ టచ్‌స్క్రీన్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరు కుశలమే, నిగనిగలాడుతున్నారు. కుశలం లేనిది నాకే.

నిన్న సాయంత్రం షేక్‌పేట ఫ్లైఓవర్ మీద వాన దంచికొడుతోంది. ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసింది. ఎదుటి బండి బ్రేకు లైట్లు ఎర్రటి మరకల్లా కనిపిస్తున్నాయి, అంతే. దీనికి మందు తమరికీ తెలుసు, నాకూ తెలుసు. ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి మళ్లించి, బయటి గాలిని లోపలికి రానిస్తే చాలు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, కాసేపటికి అద్దం తేటపడుతుంది. పాత కారులో ఈ పనికి ఎడమచేయి దానంతటదే వెళ్లేది. ఈ నాబు ఫ్యానుది, ఆ చివరిది గాలి దారిది. టక్ టక్‌మని కుడికి తిప్పితే అయిపోయేది, కళ్లు రోడ్డు మీదే ఉండేవి.

తమరి దర్బారులో అలా కుదరదు కదా! ముందు మ్యాపు పక్కకు తప్పుకోవాలి. తర్వాత కింద మూలనున్న గోరంత ఫ్యాను బొమ్మ నొక్కాలి. నొక్కాను. వేలు తడిగా ఉంది, తమరికి తడి వేలు గిట్టదు, పాటల యాప్ తెరుచుకుంది. వెనక్కొచ్చి మళ్లీ నొక్కితే సీటు కింది ఫ్యాను తిరిగింది. తడిసిన బట్టలతో కూర్చున్న మనిషికి కింది నుంచి చల్లగాలి! చివరికి ఏసీ పేజీ తెరుచుకునే వేళకు తమరు హితబోధ మొదలుపెట్టారు: "బండి నడిపేటప్పుడు స్క్రీన్ చూడవద్దు. అంగీకరిస్తే ఓకే నొక్కండి."

చూడకుండా ఆ ఓకే ఎలా నొక్కాలో కూడా సెలవిచ్చి ఉంటే బాగుండేది.

నోటితో చెప్పొచ్చుగా అంటారు మీ షోరూమ్ వాళ్లు. చెప్పాను సార్. "ఫ్యాన్ పెంచు" అంటే ఫణి అనే మా పాత మేనేజర్‌కి ఫోన్ కలిపారు. మధ్యాహ్నం ఎండలో తమరి మొహం మీద నా వేలిముద్రలు తప్ప ఏమీ కనబడవు, సరే, తుడుచుకుంటాను. ఆఫీసుకు లేటయిన రోజే తమరికి అప్‌డేట్ గుర్తొస్తుంది, సరే, ఆగుతాను. కానీ ఈ ఏసీ సంగతి మాత్రం మింగుడుపడటం లేదు.

నన్ను కొత్తంటే గిట్టని ముసలాయన కింద జమకట్టకండి. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పూర్తిగా కరెంటు మీద పరిగెత్తే బళ్లు, అంతకన్నా కొత్త ఏముంటుంది? వాటి స్టీరింగ్ మీద ఓ చిన్న డిస్‌ప్లే ఉంటుంది, చూసుకోవడానికి. నొక్కడానికి, తిప్పడానికి మాత్రం గ్లౌజు వేసుకున్న వేలికి కూడా తెలిసే బటన్లు, నాబులు. రెండు గోడల మధ్య అంత స్పీడులో ఎవడూ గాజు పలకను తడుముకోలేడని వాళ్లకు తెలుసు. షేక్‌పేట వానలో నేను తడుముకోగలనని మీకెవరు చెప్పారు?

ఫెరారీ వాళ్లు కూడా స్టీరింగ్ మీద వేలు తాకితే పనిచేసే పలకలు పెట్టి చూశారు. 2025లో అమాల్ఫీ అనే కారు వచ్చేసరికి మళ్లీ అసలు బటన్లే, స్టార్ట్ బటన్‌తో సహా. బుగాటీ టూర్బియాన్‌లో మీటర్లను స్విస్ గడియారాల పనివాళ్ల చేత చేయించి, స్క్రీన్‌ను డ్యాష్‌బోర్డు లోపల దాచేశారు, పిలిస్తేనే బయటికొస్తుంది. కోట్లు పోసి కొనేవాడికేమో ముల్లు, మీట, నాబు. ఈఎంఐ కట్టేవాడికి గాజు పలక!

ఇక మర్యాదలు చాలు. నిన్ను పెట్టింది నా సుఖం కోసం కాదు. ఒక్కో స్విచ్చుకు అచ్చు తయారు చేయాలి, వైరు లాగాలి, బిగించాలి. నువ్వొక్కడివి వస్తే అవన్నీ మిగులు. వాళ్లకు ఖర్చు తగ్గించే వస్తువును "ప్రీమియం" అని పేరు పెట్టి, టాప్ మోడల్‌లో పెద్ద సైజు అంటూ నా దగ్గరే ఎక్కువ గుంజారు. 2022లో ఓ స్వీడన్ పత్రిక లెక్క కట్టి చూసింది. ఏసీ, రేడియో లాంటి చిన్న పనులు నాలుగు, గంటకు 110 కిలోమీటర్ల వేగం. 2005 నాటి బటన్ల వోల్వోలో 10 సెకన్లలో అయిపోయాయి, ఆలోపు బండి 300 మీటర్లు దాటింది. అన్నిటికన్నా వెనకబడిన టచ్‌స్క్రీన్ బండిలో అవే పనులు ముగిసేసరికి కిలోమీటరు దాటిపోయింది. మన ఔటర్ మీద వేసుకో ఆ లెక్క.

2026 నుంచి యూరప్‌లో కొత్త కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ దగ్గర పూర్తి మార్కులు రావాలంటే ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్లు, అత్యవసర కాల్ చేత్తో తాకితే తెలిసేలా ఉండాలట. సంతోషం. ఏసీ మాత్రం ఈ ఐదింటిలో లేదు. వాళ్ల ఊళ్లలో మనుషుల ఊపిరికి అద్దం ఆవిరి పట్టదేమో మరి.

నిజం చెప్పాలంటే రాత్రిపూట మా సెల్లార్‌లో, స్తంభానికీ వాచ్‌మన్ మంచానికీ మధ్య బండి వెనక్కి పెట్టేటప్పుడు నీ కెమెరాకు దణ్ణం పెడతాను. ఆ ఉద్యోగం నీకే ఉంచేస్తాను. మ్యాపు కూడా నీదే. నీ కింద మాత్రం జానెడు నల్ల ప్లాస్టిక్ ఉత్తపుణ్యానికి మెరుస్తూ ఉంది. అక్కడ రెండు నాబులు భేషుగ్గా పడతాయి. రాణిగంజ్‌లో ఎవరైనా బిగిస్తామంటే రేపే వస్తాను, బేరం కూడా ఆడను. వారంటీ పోతుందంటే పోనీ.

ఇట్లు,
ఇంకా 4 ఏళ్ల ఈఎంఐ బాకీ ఉన్న,
తమరి యజమాని అనబడే వాడు