ఆఫీసులో షేరింగ్ పెడితే కమాండ్‌తో పెట్టండి, ఆ కమాండ్ రాసి ఉంచండి

పోయిన నెల 28న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర్లో ఉన్న ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. జీతాల బిల్లుల ఫోల్డర్ కనబడటం లేదట. నేను వెళ్లేసరికి సెక్షన్ సెక్షనంతా ఒక్క కంప్యూటర్ చుట్టూ నిలబడి ఉంది. సూపరింటెండెంట్ గారు నన్ను చూడగానే "ఏటి బాబూ, రీసైకిల్ బిన్‌లో కూడా నేదేటి?" అన్నారు.

లేదు. మన కంప్యూటర్‌లో మనం తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. నెట్‌వర్క్ మీద పక్క కంప్యూటర్‌లో ఉన్న ఫైలు డిలీట్ కొడితే మాత్రం అది మధ్యలో ఎక్కడా ఆగదు, నేరుగా పోతుంది. ఈ ముక్క ఆ ఆఫీసులో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. డిలీట్ కొట్టింది కొత్తగా చేరిన అమ్మాయి. పాత ఫైళ్లు తీసెయ్యమన్నారు కదా అని తీసింది. ఒక మూల కూర్చుని ఏడుస్తోంది. అందరి ముందూ గట్టిగానే చెప్పాను: తప్పు ఈ అమ్మాయిది కాదు, ఆ ఫోల్డర్‌కి 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్', అంటే ఎవరైనా ఏదైనా మార్చే, తీసేసే హక్కు ఇచ్చి వెళ్లిపోయినవాళ్లది.

ఎవరిచ్చారని అడిగితే చెప్పేవాళ్లు లేరు. రెండేళ్లలో ముగ్గురు కుర్రాళ్లు వచ్చి చూసి వెళ్లారట. ఎవరు ఏం నొక్కారో ఎక్కడా రాసి లేదు. ఒక సీనియర్ గుమాస్తా గారి పెన్‌డ్రైవ్‌లో వారం కిందటి కాపీ ఉండబట్టి బతికిపోయారు. మిగతాది రెండు రోజులు కూర్చుని మళ్లీ టైప్ చేశారు.

ఆ సాయంత్రం ఉన్న 14 కంప్యూటర్లూ వరసగా చూశాను. తొమ్మిదింటిలో ఫైర్‌వాల్, అంటే బయటి నుంచి కంప్యూటర్‌లోకి ఎవరు రావచ్చో చూసే కాపలా, ఆపేసి ఉంది. నాలుగింటిలో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్‌లో ఉండాల్సిన 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' అనే సర్వీసే లేదు, ఎవరో అన్‌ఇన్‌స్టాల్ నొక్కేశారు. దాని పైనే 'క్లయింట్ ఫర్ మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్స్' అని ఇంకొకటి ఉంటుంది. పక్కవాళ్ల ఫోల్డర్ మనం తెరవడానికి క్లయింట్ కావాలి, మన ఫోల్డరో ప్రింటరో పక్కవాళ్లకి ఇవ్వడానికి సర్వీస్ కావాలి. ఈ తేడా తెలియకే "ఇక్కడి నుంచి అక్కడిది వస్తోంది, అక్కడి నుంచి ఇక్కడిది రావట్లేదు" అని నెలల తరబడి తల పట్టుకున్నారు పాపం.

అన్నింటికంటే నాకు కోపం తెప్పించింది, మూడు మెషీన్లలో ఎస్‌ఎంబీ 1, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే బాగా పాత పద్ధతి, ఆన్ చేసి ఉండటం. పాత జిరాక్స్ మెషీన్ నుంచి స్కాన్ రావడం లేదని ఎవరో ఆన్ చేసి అలాగే వదిలేశారు. 2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ దారిలోనే. దాన్ని ఆపే ప్యాచ్‌ని (లోపం సరిచేసే అప్‌డేట్‌ని) మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలిందని, అందులో శ్రీకాకుళం జిల్లా కూడా ఉందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్తగా వేసుకునే విండోస్‌లో మన ఫోల్డర్ని పక్కవాళ్లకి ఇచ్చే ఎస్‌ఎంబీ 1 సర్వర్ ముందే వేసి రాదు. కంపెనీ తీసేసిన దాన్ని మనం వెతికి మరీ పెట్టుకుంటున్నాం.

మర్నాడు కమాండ్ ప్రాంప్ట్, అంటే టైప్ చేసి కంప్యూటర్‌కి పని చెప్పే నల్ల స్క్రీన్, తెరిచి కూర్చున్నాను. సర్వీస్ పోయిన నాలుగు మెషీన్లకీ ఒక్కటే లైను: నెట్‌సీఎఫ్‌జీ, మైనస్ సీ ఎస్, మైనస్ ఐ ఎంఎస్ అండర్‌స్కోర్ సర్వర్. సీడీ అక్కర్లేదు, వెతుకులాట అక్కర్లేదు. తర్వాత నెట్ షేర్ కమాండ్‌తో జీతాల ఫోల్డర్‌ని ముగ్గురికే ఇచ్చాను, ఇద్దరికి మార్చే హక్కు, ఒకరికి చదివే హక్కు. డిస్కు మీద ఫోల్డర్‌కి ఉండే పర్మిషన్ వేరు, దాన్ని ఐకాక్ల్స్ అనే ఇంకో కమాండ్‌తో పెట్టాను. నెట్‌వర్క్ నుంచి వచ్చేవాళ్లు ఈ రెండు తాళాలూ దాటాలి, రెండింటిలో ఏది గట్టిదైతే అదే నిలుస్తుంది. ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేసి, అందులో షేరింగ్ రూల్స్ మాత్రం ప్రైవేట్ నెట్‌వర్క్‌కి తెరిచాను. ప్రింటర్ రావడానికి ఫైర్‌వాల్ మొత్తం ఆపెయ్యడమంటే, చుట్టాలొస్తున్నారని వీధి తలుపు ఊడదీసి పక్కన పెట్టడం.

ఆ అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది. "నేను కొట్టొచ్చా సార్?" అంది. కొట్టమన్నాను. సిస్టమ్ ఎర్రర్ 5 వచ్చింది. మొహం పాలిపోయింది. "5 అంటే నీకు అనుమతి లేదనమ్మా, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మళ్లీ కొట్టు" అన్నాను. పనైంది. ఆ పక్క మెషీన్‌లో 53 వస్తే ఆ దారి దొరకలేదని తనే చదువుకుని, వంగి కేబుల్ చూసి, వదులుగా ఉంటే గట్టిగా నొక్కింది. నల్ల స్క్రీన్ అంటే భయం అంటారు చాలామంది. ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని చూపించకపోవడం వల్లే ఆ భయం.

కమాండ్ తప్పు కొడితే ప్రమాదం కదా అని మా ఫీల్డులోవాళ్లే అంటారు. మౌస్‌తో తప్పు నొక్కితే ప్రమాదం కాదా? కమాండ్లయితే ఒక బ్యాచ్ ఫైల్‌లో (వరసగా నడిచేలా కమాండ్లు రాసి పెట్టే ఫైలులో) పెట్టి ముందు ఒక మెషీన్‌లో వేసి చూడొచ్చు. బాగుంటే మిగతా 13లో అక్షరం తేడా లేకుండా వెయ్యొచ్చు. క్లిక్కులైతే ఏడో మెషీన్‌కి వచ్చేసరికి ఒక టిక్ ఎగిరిపోతుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్ని రోజులు లేదో మన జిల్లావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కరెంటు తిరిగొచ్చాక హార్డ్‌డిస్కులు పోయిన రెండు ఆఫీసులకి అప్పుడు నేనే వెళ్లాను. విండోస్ వెయ్యడానికి ఒక పూట పట్టింది. ఎవరికి ఏ ఫోల్డర్ ఉండేది, ఏ పేరుతో ఉండేది అని గుర్తు తెచ్చుకోవడానికి వారం పట్టింది. ఒక్క కాగితం ఉంటే ఆ వారం అంతా మిగిలేది.

అందుకే ఈ ఆఫీసులో మొత్తం కమాండ్లు ప్రింట్ తీసి, ఒక్కో లైను పక్కన అది ఏం చేస్తుందో తెలుగులో రాసి, తేదీ వేసి, స్టాక్ రిజిస్టర్ ఉన్న బీరువాలో పెట్టించాను. నా తర్వాత వచ్చేవాళ్లు నాకు ఫోన్ చెయ్యాల్సిన అవసరం ఉండకూడదు. మా పనిలో ఉన్న తమ్ముళ్లందరినీ అడుగుతున్నాను, దయచేసి ఇది చెయ్యండి. ఆఫీసువాళ్లు కూడా ఆ కాగితం చేతికి వచ్చాకే బిల్లు పాస్ చెయ్యండి.

రేపు ఆఫీసుకి వెళ్లగానే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్ షేర్ (net share) అని కొట్టండి, మీ మెషీన్ నుంచి పంచిన ఫోల్డర్ల పేర్లు వస్తాయి. పేరు చివర డాలర్ గుర్తు ఉండే సీ, అడ్మిన్, ఐపీసీ లాంటివి విండోస్ తనకి తాను పెట్టుకున్నవి. మిగిలిన పేర్లు ఒక్కొక్కటీ చదివి, ఇది ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని సెక్షన్‌లో అడగండి. ఎవరూ చెప్పలేని పేరు ఉంటే కామెంట్‌లో రాయండి, ఏం చెయ్యాలో ఒక్కొక్కరికీ చెప్తాను.